కపిట్ స్లైడ్లు: ఒకేలా కనిపించే పరాన్నజీవుల్ని విడదీసి చూడటం

(ఆగస్టు 20, దోమల దినం నాడు ఒక డిగ్రీ కాలేజీలో జీవశాస్త్రం విద్యార్థులకూ వాళ్ళ తల్లిదండ్రులకూ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్ళకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, కాగితాలు ఎగిరిపోతున్నాయి. చాలు.

మొదటి బెంచీకి రెండు ఫొటోలు ఇచ్చాను. చూసి వెనక్కి పంపుతూ ఉండండి. రెండూ మైక్రోస్కోపు కింద వెయ్యి రెట్లు పెద్దవి చేసి తీసినవి. గుండ్రంగా, లేత గులాబీ రంగులో కనిపించేవి ఎర్ర రక్తకణాలు. ఒక్కో ఫొటోలో ఒక కణానికి మాత్రం నడుము దగ్గర అడ్డంగా నీలం పట్టీ ఉంటుంది, వడ్డాణం పెట్టినట్టు. అందులో ఒక ఎర్ర చుక్క, అక్కడక్కడ గోధుమరంగు రేణువులు. ఆ వడ్డాణమే మలేరియా పరాన్నజీవి. ఒక ఫొటో మీద 1 అని, ఇంకోదాని మీద 2 అని వేశాను. రెండూ ఒకే రకం అనుకునేవాళ్ళు చేతులెత్తండి. దాదాపు అందరూ ఎత్తారు. తప్పు లేదు, మెడికల్ కాలేజీలో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన నన్నడిగినా ఎత్తేవాణ్ణే.

ఈ రోజుకి ఒక ప్రత్యేకత ఉంది. 1897లో సరిగ్గా ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ ఒక దోమను కోసి, దాని కడుపు గోడ మీద కొన్ని గుండ్రటి కణాలు చూశాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం తాగిన దోమ అది. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది, అటువైపు వెళ్తే చూసి రండి. దోమ కడుపులో కనిపించింది మలేరియా పురుగే అని రాస్ ఎలా గుర్తుపట్టాడు? ఆ కణాల్లో నల్లటి రేణువులు ఉన్నాయి. రోగుల రక్తంలో తాను ఏళ్ళ తరబడి చూసిన రేణువులు కూడా అచ్చం అలాంటివే. పోలిక ఒక్కటే ఆధారం. ఆ దోమ ఏ జాతిదో కూడా ఆయనకి తెలియదు, మచ్చల రెక్కల దోమ అనుకున్నాడంతే. అయినా తేల్చింది నిజమే అయింది, 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

కంటిచూపు నెగ్గిన కథ అది. నేను చెప్పడానికి వచ్చింది కంటిచూపు డెబ్బై ఏళ్ళు పప్పులో కాలేసిన కథ.

బోర్నియో దీవిలో మలేషియాకి చెందిన సరవాక్ అనే రాష్ట్రం ఉంది. అందులో రాజాంగ్ నది ఒడ్డున కపిట్ అనే ఊరు. చుట్టూ అడవి. అక్కడి ఇబాన్ జనం చాలామంది ఒకే కప్పు కింద పది ఇరవై కుటుంబాలు ఉండే పొడవాటి ఇళ్ళలో ఉంటారు, మిరియాల తోటలకీ, పోడు సేద్యానికీ అడవిలోకి వెళ్తారు. కపిట్ ఆసుపత్రికి జ్వరంతో వచ్చేవాళ్ళ రక్తం స్లైడు మీద పూసి, రంగు వేసి చూస్తే ‘మలేరియే’ అని రిపోర్టు వచ్చేది; మలేరియా పరాన్నజీవుల్లో ఒక రకం పేరు అది. చాలామందికి అదే.

ఇక్కడ ఒక నిమిషం ఆగాలి. మన ఏజెన్సీ ప్రాంతంలో ఆశా కార్యకర్తని అడిగినా పీఎఫ్, పీవీ అని రెండు మలేరియాల పేర్లు చెప్తుంది. పీఎఫ్ అంటే ప్లాస్మోడియం ఫాల్సిపారం, మెదడుకి ఎక్కి ప్రాణం తీసేది. పీవీ అంటే వైవాక్స్, రోజు విడిచి రోజు చలి పెట్టి, తగ్గిందనుకున్నాక నెలల తరవాత మళ్ళీ తిరగబెట్టేది. ఇవి కాక ఒవాలే, మలేరియే అని మరో రెండు. ‘ప్లాస్మోడియం’ ప్రజాతి పేరు, అంటే ఇంటిపేరు అనుకోండి. రెండోది జాతి పేరు, అంటే సొంత పేరు. నలుగురిలో మలేరియే కాస్త నెమ్మదస్తుడు. ఒంట్లో 72 గంటలకి ఒకసారి పిల్లలు పెడుతుంది, అందుకే జ్వరం రెండు రోజులు విడిచి వస్తుంది. రక్తంలో దాని సంఖ్య కూడా తక్కువే ఉంటుంది. మనిషిని సతాయిస్తుంది గానీ చంపడం అరుదు.

కపిట్‌లో ఈ నెమ్మదస్తుడు తన స్వభావానికి విరుద్ధంగా ప్రవర్తిస్తున్నాడు. రక్తంలో సంఖ్య ఎక్కువగా ఉంటోంది. రోగుల్ని ఆసుపత్రిలో చేర్చుకోవాల్సి వస్తోంది. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పెద్దవాళ్ళు. ఊళ్ళో దోమల వల్ల అంటుకునే జ్వరమైతే పిల్లలు కూడా అంతే మంది ఉండాలి కదా? సరవాక్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న బల్బీర్ సింగ్, జానెట్ కాక్స్ సింగ్ దంపతులకి అనుమానం మొదలైంది ఇక్కడే. నా ఉద్దేశంలో ఈ కథలో అసలు తెలివి ఈ అనుమానానిదే, మెషీన్లది తరవాత. స్లైడు మీద ఆకారం సరిపోయింది, మనిషి ఒంట్లో తీరు సరిపోలేదు.

వాళ్ళు ఆ రక్తాన్ని పీసీఆర్‌కి పెట్టారు. కోవిడ్ పుణ్యమా అని పీసీఆర్ అంటే ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు, ముక్కులో పుల్ల పెట్టించుకోనివాళ్ళు ఇక్కడ ఒక్కరు కూడా ఉండరు. అయితే దాని లోపల ఏం జరుగుతుందో ఒకసారి చూద్దాం, కథకి అది కావాలి. వేలిని గుచ్చి, రెండు చుక్కల రక్తం ఫిల్టర్ కాగితం మీద వేసి ఆరబెడతారు. ఆరిన మరకలో మన డీఎన్‌ఏతో పాటు పరాన్నజీవి డీఎన్‌ఏ కూడా ఉంటుంది. దాన్ని కడిగి తీసి, ‘ప్రైమర్లు’ అనే చిన్న డీఎన్‌ఏ ముక్కలు కలుపుతారు. డీఎన్‌ఏ అంటే ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రసాయన అక్షరాల వరుస. ప్రైమరుకి సరిజోడైన అక్షరాల వరుస ఎక్కడుంటే అక్కడ అతుక్కుంటుంది. అతుక్కుంటే ఆ భాగం ఒకటి రెండై, రెండు నాలుగై, ముప్పై నలభై రౌండ్లలో కోట్ల కాపీలవుతుంది. అతుక్కోకపోతే ఏమీ జరగదు.

మలేరియాకి వాడే పద్ధతి 1993లో జార్జ్ స్నూను బృందం తయారుచేసింది. అది రెండు అంచెల పద్ధతి. మనం కొత్త ఊళ్ళో దిగి ఒక మనిషిని వెతుక్కుంటే ఏం చేస్తాం? ముందు ఇంటిపేరుతో వాకబు చేస్తాం. ఇల్లు దొరికాక గుమ్మం దగ్గర నిలబడి పేరు పెట్టి పిలుస్తాం. ఇదీ అంతే. మొదటి అంచెలో ప్లాస్మోడియం అనే ఇంటిపేరుకి ప్రైమర్లు. రెండో అంచెలో ఫాల్సిపారం, వైవాక్స్, మలేరియే, ఒవాలే అని నాలుగు పేర్లకి నాలుగు జతలు.

కపిట్ రక్తంలో ఇంటిపేరు పలికింది. మలేరియే అని పిలిస్తే పలకలేదు. మిగతా ముగ్గురినీ పిలిచినా ఉలుకూ పలుకూ లేదు. అంటే ఇంట్లో ఎవరో ఉన్నారు, ఆ నలుగురిలో మాత్రం కారు.

ఇలాంటి ఫలితం వస్తే మామూలు ల్యాబుల్లో ఏం చేస్తారో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ చేశాను. ‘శాంపిల్ పాడైంది’ అని రాసి ఫ్రిజ్‌లోంచి తీసేస్తారు. పీసీఆర్ మనం అడిగిన ప్రశ్నకే జవాబు చెప్తుంది. అడగని ప్రశ్నకి మౌనంగా ఉంటుంది. ఆ మౌనాన్ని మనం ‘లేదు’ అని చదువుకుంటాం.

సింగ్ దంపతులు, వాళ్ళ తోటివాళ్ళు పిలవడం మానేసి, లోపలికి వెళ్ళి మొహం చూశారు. అంటే ప్రైమర్లతో ఔనా కాదా అని అడగకుండా, ఆ జన్యువులో అక్షరాలు ఒక్కొక్కటీ చదివారు. అదే సీక్వెన్సింగ్.

చదివిన అక్షరాలతో బంధుత్వం ఎలా తేలుతుందో చెప్పడానికి మా నాన్నగారిని అరువు తెచ్చుకుంటాను. ఆయన తెలుగు పండితులు. ఒక పాత కావ్యానికి నాలుగు తాళపత్ర ప్రతులు దొరికితే పరిష్కర్త ఏం చేస్తాడో చెప్పేవారు. ఒప్పులు చూడడు, ఒప్పులు అన్నిటిలోనూ ఒకటే. తప్పులు చూస్తాడు. రాజమండ్రి ప్రతిలోనూ తంజావూరు ప్రతిలోనూ అదే పద్యంలో అదే చోట అదే అక్షరం జారిపోయి ఉంటే, ఆ రెండూ ఒకే తల్లి ప్రతిని చూసి రాసినవన్నమాట. ఇద్దరు లేఖకులు ఒకరికొకరు తెలియకుండా ఒకే చోట ఒకే పొరపాటు చేయడం అరుదు కదా. డీఎన్‌ఏ కూడా తరతరాలుగా ఎత్తి రాస్తున్న ప్రతే. రాసేటప్పుడు పొరపాట్లు పడతాయి, పడినవి పిల్లలకి వెళ్తాయి.

బోర్డు మీద రాస్తాను చూడండి. ఇది నేను కల్పించిన వరుస, అసలు జన్యువుది కాదు.

మొదటిది: ఏ ఏ టీ జీ సీ టీ టీ ఏ
రెండోది: ఏ ఏ టీ జీ సీ ఏ టీ ఏ
మూడోది: ఏ ఏ టీ టీ సీ ఏ టీ ఏ

ఆరో అక్షరం చూడండి. మొదటిదాంట్లో టీ, మిగతా రెండింట్లో ఏ. మొదటిది దూరపు చుట్టం అని మనకి ముందే తెలిస్తే, ఆ మార్పు రెండోదానికీ మూడోదానికీ ఉమ్మడి తాత దగ్గర జరిగిందని అనుకోవచ్చు. నాలుగో అక్షరంలో టీ మూడోదానికి మాత్రమే ఉంది, అది విడిపోయాక సొంతంగా తెచ్చుకున్నది. ఎనిమిది అక్షరాలతో ఇలా తేల్చేస్తే మా నాన్నగారు ఊరుకోరు. ఉన్నవి నాలుగే అక్షరాలు కాబట్టి ఒకే పొరపాటు రెండుచోట్ల విడివిడిగా పడే అవకాశం ఇక్కడ ఎక్కువ. అందుకే వందలు, వేల అక్షరాలు చదువుతారు. ఒక జన్యువుతో సరిపెట్టుకోకుండా రెండో జన్యువుని సాక్ష్యం అడుగుతారు.

మొదటి సాక్షిగా ఎక్కువగా పిలిచేది 18ఎస్ అనే జన్యువుని. కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోముకి ఇది చట్రం లాంటిది. ఈ చట్రం లేకుండా ఏ జీవీ బతకదు కాబట్టి మనలోనూ, మామిడిచెట్టులోనూ, మలేరియా పురుగులోనూ ఉంటుంది. దీనిలో కొన్ని భాగాలు అస్సలు మారవు, ఇంటిపేరు ప్రైమర్లు అక్కడ పెట్టుకోవచ్చు. మధ్యమధ్య భాగాలు జాతికీ జాతికీ మారతాయి, సొంత పేరు అక్కడ దొరుకుతుంది. కపిట్ బృందం దీంతో పాటు పరాన్నజీవి పై తొడుగు ప్రొటీన్ జన్యువు ఒకటి కూడా చదివింది.

రెండు సాక్ష్యాలూ ఒకే మాట చెప్పాయి. అది మలేరియే కాదు. ప్లాస్మోడియం నోలెసై. కోతుల మలేరియా.

2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది ఆ పరిశోధన. నోలెసైకి విడిగా ప్రైమర్లు తయారుచేసుకుని కపిట్‌లో 208 మంది మలేరియా రోగుల రక్తం పరీక్షిస్తే 120 మందికి, అంటే 58 శాతం మందికి, అదే ఉంది. మలేరియే ఎంతమందికి ఉందో తెలుసా? ఒక్కరికి కూడా లేదు. ఆసుపత్రి రిజిస్టర్లలో ఏళ్ళ తరబడి రాసుకున్న పేరు ఆ 208 మందిలో ఎవరి ఒంట్లోనూ లేదు!

ఈ నోలెసై నిన్న మొన్న పుట్టినదేమీ కాదు. దాని పేరు వెనక మన దేశమే ఉంది. 1930ల మొదట్లో కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూలుకి సింగపూర్ నుంచి వచ్చిన ఒక పొడవు తోక కోతి రక్తంలో ఇది కనిపించింది. ఆ కోతి బాగానే ఉంది. దాని రక్తాన్ని మన ఉత్తరాది రీసస్ కోతికి ఎక్కిస్తే అది చచ్చిపోయింది. రాబర్ట్ నోల్స్, దాస్ గుప్తా 1932లో దీన్ని మనిషికి కూడా ఎక్కించవచ్చని చూపారు. ఆ నోల్స్ పేరు మీద నోలెసై అని నామకరణం చేసింది సింటన్, మల్లిగన్. ఈ సింటన్ గురించి ఒక్క ముక్క చెప్పకుండా ఉండలేను. యుద్ధంలో విక్టోరియా క్రాస్, సైన్సులో రాయల్ సొసైటీ ఫెలోషిప్ రెండూ దక్కిన ఒకే ఒక్క మనిషి ఆయన. మరి అప్పట్లో సిఫిలిస్ మెదడుకి ఎక్కినవాళ్ళకి జ్వరం తెప్పించి నయం చేసే వైద్యం ఉండేది, అందుకు ఈ కోతి మలేరియాని కావాలనే ఎక్కించేవారు. రుమేనియాలో మనిషి నుంచి మనిషికి మారుస్తూ పోతే చివరికి అది మరీ ఉగ్రంగా తయారైందని ఆపేశారు. ఇది మనిషికి వస్తుందని, ముదురుతుందని తెలియక కాదు. అడవిలో సహజంగా వస్తుందని ఎవరూ అనుకోలేదు, అంతే.

1965లో ఒక హెచ్చరిక కూడా వచ్చింది. మలేషియాలో పహాంగ్ అడవుల్లో పనిచేసి అమెరికా తిరిగి వెళ్ళిన ఒక సర్వేయరుకి జ్వరం వచ్చింది. స్లైడు చూసి ముందు ఫాల్సిపారం అన్నారు, తరవాత మలేరియే అన్నారు. అతని రక్తాన్ని రీసస్ కోతులకి ఎక్కిస్తే కోతులు చచ్చిపోయాయి. నోలెసై అని తేలింది అలా. ఆ రోజుల్లో సీక్వెన్సింగ్ లేదు కాబట్టి జాతి తెలియాలంటే కోతి చావాలి! తరవాత ఆ ప్రాంతంలో వెయ్యి మందికి పైగా గ్రామస్తుల రక్తం కోతులకి ఎక్కించి చూశారు, ఏ కోతికీ రాలేదు. సర్వేయరుది అరుదైన సంఘటన అని ఫైలు మూసేశారు. దాదాపు నలభై ఏళ్ళు అది మూసే ఉంది. ఈలోగా స్లైడ్ల మీద వడ్డాణం కనిపించిన ప్రతిసారీ ‘మలేరియే’ అని రాస్తూ పోయారు. తరవాత సరవాక్‌లో దాచి ఉంచిన 1996 నాటి పాత స్లైడ్ల నుంచి ఎండిపోయిన రక్తం గీకి డీఎన్‌ఏ తీస్తే, మలేరియే అని రాసినవాటిలో దాదాపు అన్నీ నోలెసైవే.

పేరు మారితే ఏమైంది, జ్వరం జ్వరమే కదా అని మీలో ఎవరో అనుకుంటున్నారు. మలేరియే 72 గంటలకి ఒకసారి పిల్లలు పెడుతుందన్నాను. నోలెసైకి 24 గంటలే. ఇవాళ పొద్దున రక్తంలో వెయ్యి ఉంటే రేపు పొద్దునకి ఎన్నో రెట్లు. ‘మలేరియేనే కదా, రెండు రోజులు చూద్దాం’ అని డాక్టరు అనుకునే ఆ రెండు రోజుల్లో మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరవచ్చు. 2008లో అదే బృందం నాలుగు మరణాలు నమోదు చేసింది. ముదిరితే నరానికి ఆర్టీసునేట్ ఎక్కించాలి, అదీ ఆలస్యం లేకుండా.

ఇంకో సంగతి మూలం ఎక్కడుందన్నది. ఇతర మలేరియాలకి మనిషే గిడ్డంగి. ఇంట్లో దోమతెర కట్టి, రోగికి మందిస్తే గొలుసు తెగుతుంది. నోలెసైకి గిడ్డంగి అడవిలో కోతి, మోసేది అడవి దోమ. మిరియాల తోటలో సాయంత్రం కుట్టిన దోమకి ఇంట్లో కట్టిన తెర ఏం చేస్తుంది? పెద్దవాళ్ళకే ఎందుకు ఎక్కువ వస్తోందో ఇప్పుడు అర్థమైందా? మలేషియా 2018 నుంచి మనుషుల మలేరియా నాలుగింటినీ స్థానికంగా సున్నాకి తెచ్చింది, గొప్ప విషయం. నోలెసై కేసులు మాత్రం ఏటా వేలల్లో ఉన్నాయి. పీసీఆర్ లేకపోతే అవన్నీ ‘మలేరియే’ ఖాతాలో పడి, ఆ సున్నా ఎప్పటికీ రాదు.

విచిత్రం చూడండి. మొహం మలేరియేది, చిన్న వయసులో ఉంగరం ఆకారం ఫాల్సిపారంది, రక్తసంబంధం మాత్రం వైవాక్స్‌తో. జన్యువుల చెట్టు గీస్తే నోలెసై వెళ్ళి వైవాక్స్ పక్కన, ఆసియా కోతుల మలేరియాల గుంపులో కూర్చుంటుంది. మొహానికీ వంశానికీ సంబంధం ఉండి తీరాలని లేదు.

సీక్వెన్స్ వస్తే ఇక తిరుగులేదని మాత్రం అనుకోకండి. ఆ చుట్టరికమే కొంప ముంచింది. నోలెసై కోసం చేసిన మొదటి ప్రైమర్లు కొన్ని వైవాక్స్‌ని కూడా పట్టుకుంటున్నాయని 2009లో తేలింది. నోలెసై అని పిలిస్తే పక్కింటి వైవాక్స్ ‘ఆఁ’ అన్నదన్నమాట. తరవాత కొత్త ప్రైమర్లు చేసుకోవాల్సి వచ్చింది. ఇంకో చిక్కు 18ఎస్ జన్యువులోనే ఉంది. చాలా జీవుల్లో దాని కాపీలు వందలు ఉన్నా అన్నీ ఒకటే. ప్లాస్మోడియంలో నాలుగు నుంచి ఎనిమిదే ఉంటాయి, అవి కూడా ఒకదానికొకటి తేడా. రక్తంలో ఉన్నప్పుడు ఒక రకం వాడుకుంటుంది, దోమలో ఉన్నప్పుడు ఇంకో రకం. తెలియకుండా ఒక శాంపిల్లో ఒక రకం, ఇంకోదాంట్లో రెండో రకం చదివి పోల్చామనుకోండి, ఒకే జాతిని రెండుగా ప్రకటించేస్తాం.

సీక్వెన్సింగ్ మెషీను నుంచి వచ్చే కాగితం ఎప్పుడైనా చూశారా? నాలుగు రంగుల అలలు ఉంటాయి, ఏ పచ్చ, టీ ఎరుపు, సీ నీలం, జీ నలుపు. శుభ్రంగా ఉంటే ఒక్కో చోట ఒక్కో శిఖరం. నా దగ్గరికి ఒకసారి వచ్చిన కాగితంలో మధ్య నుంచి రెండు రంగుల శిఖరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. వారం రోజులు తల పట్టుకున్నాను. ఒకే రోగిలో రెండు జాతులు ఉన్నాయా, లేక ఒకే జాతిలో రెండు రకాల కాపీలా? కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బి జన్యువు చదివితే గానీ తేలలేదు. రెండు జాతులే ఉన్నాయి. మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఆరు వేల అక్షరాల చిన్న పుస్తకం, ఒక్కో పరాన్నజీవిలో దాని కాపీలు బోలెడు, ఇలాంటి పేచీలు అవి లేకుండా చెప్తుంది.

చదివిన వరుసని జెన్‌బ్యాంక్ అనే అంతర్జాతీయ ఖజానాలో ఉన్నవాటితో పోలుస్తాం. మన పిల్లలు అక్కడ ‘99 శాతం కలిసింది’ అని కనిపించగానే ఆ పేరు రాసేస్తారు. ఆ ఖజానా ఓటర్ల జాబితా లాంటిది. జాబితాలో లేని మనిషిని పట్టుకుని వెతికితే అది ‘లేడు’ అనదు, దగ్గరి పోలిక ఉన్నవాడి పేరు చూపిస్తుంది. పైగా జాబితాలో తప్పు పేర్లు ఉండవని ఏమీ లేదు, అందులో వేసింది మనలాంటివాళ్ళమే. నాలుగు పేర్ల ప్రైమర్లది ఏ జబ్బో, ఖజానాది కూడా అదే జబ్బు.

ఎంత తేడా ఉంటే వేరే జాతి అనాలి? ఒక శాతమా, రెండా? అలాంటి గీత ఏదీ లేదు. దీనికి నాకు నచ్చిన ఉదాహరణ ఒవాలే. 1922 నుంచి దాన్ని ఒకే జాతి అనుకున్నాం. 2010లో కాలిన్ సదర్లాండ్ బృందం ఆఫ్రికా, ఆసియా దేశాల నుంచి శాంపిళ్ళు తీసుకుని అనేక జన్యువులు చదివింది. అవి రెండు కట్టలుగా విడిపోయాయి. అంతవరకే అయితే ఆఫ్రికాది ఒకటి, ఆసియాది ఒకటి అని సర్దిచెప్పుకోవచ్చు. అలా లేదు. రెండూ ఒకే దేశంలో పక్కపక్కనే ఉంటున్నాయి. మలేరియా పురుగులకి దోమ కడుపులో పెళ్ళి జరుగుతుంది, అక్కడ జన్యువులు కలగలుస్తాయి. ఒకే చోట ఉండి కూడా ఈ రెండింటి జన్యువులు ఎక్కడా కలవలేదు. ఒకే వీధిలో తరతరాలుగా ఉంటూ ఒక్క సంబంధం కూడా కలుపుకోని రెండు కుటుంబాలన్నమాట. అందుకే కర్టిసై, వాలికెరై అని రెండు పేర్లు పెట్టారు. తేడా శాతం కన్నా ఈ సంబంధాలు కలవకపోవడమే నాకు గట్టి సాక్ష్యంగా కనిపిస్తుంది.

మలేషియా దూరం అనుకునేవాళ్ళ కోసం మన కడుపులోకి వస్తాను. మన ఇళ్ళలో ‘అమీబియాసిస్ మనిషి’ అని ఒకరైనా ఉంటారు. మా బావమరిది ఒకడు. పదేళ్ళ పాటు ఏడాదికి ఒకసారి పరీక్ష, ఒకసారి ‘ఎంటమీబా హిస్టోలిటికా తిత్తులు (గుల్ల కట్టుకున్న అమీబాలు) కనిపించాయి’ అని రిపోర్టు, ఒక కోర్సు మెట్రోనిడజోల్. ఆ మాత్రలు వేసుకున్నవాళ్ళకి తెలుసు, నోరంతా ఇనుప మేకు చప్పరించినట్టు ఉంటుంది. పెళ్ళిళ్ళలో ఆవకాయ ముట్టడు, ఊరి నీళ్ళు తాగడు. చివరికి నేనే పోరి, పరిశోధన చేసే మిత్రుడి ల్యాబులో పీసీఆర్ చేయించాను. జబ్బు చేసే హిస్టోలిటికా లేదు. ఉన్నది ఎంటమీబా డిస్పార్, పేగులో ఊరికే కాలక్షేపం చేసే అమీబా. నాలుగు కేంద్రకాల తిత్తి ఆకారంలో ఇద్దరూ అచ్చం కవలలు. రిపోర్టు ఇచ్చిన ల్యాబు కుర్రాణ్ణి నేను తప్పు పట్టను, వాడు చూసింది చూసినట్టే రాశాడు. ఆ చూపుకి అందని పేరు రాయడమే తప్పు.

దీని కథ మరీ పాతది. తిత్తులు ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఏ బాధా ఎందుకు ఉండదని ఆలోచించి, ఫ్రెంచి శాస్త్రవేత్త ఎమిల్ బ్రంప్ట్ 1925లోనే ఇవి రెండు జాతులు అన్నాడు. చూడ్డానికి ఒకటే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. 1978లో సార్జియాంట్ ఎంజైములతో తేడా చూపించాడు. డీఎన్‌ఏ ఆధారాలు కూడా చేరాక 1993లో డైమండ్, క్లార్క్ రెండింటినీ అధికారికంగా విడదీశారు. బ్రంప్ట్ మాట నెగ్గడానికి 68 ఏళ్ళు పట్టింది. ఒట్టి తిత్తి మాత్రమే కనిపిస్తే రెండు పేర్లూ కలిపి రాయాలని, బాధ లేని మనిషికి దాని ఆధారంగా మందు ఇవ్వొద్దని 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు చెప్పారు. మైక్రోస్కోపులో ఒక్క గుర్తు మాత్రం నమ్మదగ్గది: అమీబా కడుపులో ఎర్ర రక్తకణం మింగి కనిపిస్తే అది హిస్టోలిటికా అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ఇంకో సంగతి వింటే మా బావమరిది ఏడుస్తాడు. ఒకవేళ అది నిజంగా హిస్టోలిటికాయే అయినా, పేగులోని తిత్తుల్ని పూర్తిగా పోగొట్టడానికి ఆ ఒక్క మాత్ర చాలదు, దానికి వేరే మందు ఉంది. ఇప్పుడు ఆవకాయ మళ్ళీ మొదలుపెట్టాడు. గ్యాస్ మాత్రం అలాగే ఉంది, అది వేరే డాక్టరు పని.

సరే, ప్రశ్నలు అడగండి.

ఆ అమ్మాయి అడుగుతోంది, మన గుళ్ళ దగ్గర కోతుల వల్ల మనకీ నోలెసై వస్తుందా అని. మంచి ప్రశ్న. అది సహజంగా ఉండేది ముఖ్యంగా పొడవు తోక కోతిలో, పంది తోక కోతిలో. పొడవు తోక కోతి మన దేశంలో నికోబార్ దీవుల్లో మాత్రమే ఉంది. అండమాన్ నికోబార్‌లో మనుషుల రక్తంలో నోలెసై డీఎన్‌ఏ కనిపించిందని 2013లో ఒక పరిశోధన వచ్చింది కూడా. మన గుళ్ళ దగ్గర అరటిపండు లాక్కునేవి వేరే జాతులు. వాటితో మనకి కరిచే భయం ఉంది, ఈ మలేరియా భయం కాదు. అయితే బ్రిటిష్ కాలం నుంచి మన తెలుగువాళ్ళు మలేషియా తోటల్లో ఉన్నారు, ఇప్పుడూ పనికి వెళ్ళొస్తున్నారు. అక్కడి నుంచి వచ్చిన మనిషికి జ్వరం వస్తే, డాక్టరు అడగకపోయినా అడవి వైపు వెళ్ళిన సంగతి చెప్పండి. స్లైడు చూసి ‘మలేరియే’ అంటే పీసీఆర్ అడగండి.

ఆయనెవరో అంటున్నారు, అయితే మైక్రోస్కోపులు అటకెక్కించేయొచ్చా అని. అయ్యో, వద్దండీ. అర్ధరాత్రి జ్వరంతో వచ్చిన మనిషికి మలేరియా ఉందా లేదా, ఉంటే ఎంత ఉంది అని గంటలో చెప్పేది స్లైడే. కపిట్‌లో సంఖ్య ఎక్కువగా ఉందని చెప్పింది కూడా మైక్రోస్కోపే కదా. ఆ అంకె ఎవరూ రాసి ఉండకపోతే అనుమానమే వచ్చేది కాదు.

చివరి బెంచీ నుంచి ఏదో అంటున్నారు. ఆఁ, ఫొటోలు. రెండింట్లో ఏది మలేరియే, ఏది నోలెసై అని. వెనక్కి తిప్పి చూడండి, పెన్సిల్‌తో రాసి ఉంటుంది. ఆ రాసింది నేను కాదు, పీసీఆర్ చేసినవాళ్ళు. వెనక చూడకుండా చెప్పమంటే నాకు ఇప్పటికీ రాదు.